పప్పులోకి పోయిన ఆక్సిజన్

కొందరికి మల్లెపూల వాసన తగిలితే ఎవరో గుర్తుకొస్తారట. కొందరికి తొలివాన తడిపిన మట్టి వాసన. నాకు మాత్రం బ్లీచింగ్ పౌడర్. రైల్వే స్టేషన్లో మరుగుదొడ్ల పక్కన, జనమంతా ముక్కు మూసుకుని పరుగెత్తే చోట, నేను ఆగి ఒకసారి నిండుగా పీల్చి నిట్టూరుస్తాను. అది చూసిన తల్లులు తమ పిల్లల్ని దగ్గరికి లాక్కుంటారు. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళకు పద్మజ టీచరు తెలియదు కదా.

దీని వెనక ఒక ఘోరం ఉంది. లెక్కగా చెప్పాలంటే రెండు. మొదటిది ఊరి హైస్కూలు మొత్తం చూసింది, దగ్గింది, ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. రెండోది ఒక్క మనిషే చూసింది. అది ధర్మవరం బస్సు రావడానికి ముందు ఏడు నిమిషాల్లో జరిగింది. మొదటిదాన్ని మీరు నవ్వుకోవడానికి చెబుతున్నాను. రెండోదాన్ని ఎందుకు చెబుతున్నానో నాకే సరిగా తెలియదు. వరసగానే చెబుతాను. వరస తప్పితే నాకు మాట రాదు. ఆ జబ్బే నన్ను ముంచిందని చివరికి మీరే అంటారు.

నా పేరు ఓబులేసు. మాది ముదిగుబ్బకు అవతల, కొండ పక్కన ఒక ఊరు. అప్పటికి నేను అనంతపురంలో ఇంజినీరింగ్ ముగించి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. ఎదురుచూడటం కూడా పద్ధతిగానే చేసేవాణ్ణి. పొద్దున లేస్తే ఆ రోజు పనుల జాబితా. 'పళ్ళు తోముట' పక్కన కూడా చిన్న గడి గీసి, అయ్యాక టిక్కు పెట్టేవాణ్ణి. అమ్మా నాయనా చేనికీ గొర్రెల వెంటా పోతే, పగలంతా ఇంట్లో నేనూ మా అవ్వా మిగిలేవాళ్ళం. నా గడులను చూసి అవ్వ, "ఊపిరి పీల్చుకునేది రాసుకోలేదా ఓబులేసా, మర్సిపోతావేమో" అనేది. ఊపిరి సంగతి తర్వాత ఆమె చేతిమీదుగానే చెడుతుందని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు.

మా ఊర్లో రెండు రకాల నీళ్ళు. ఒకటి బోరు నీళ్ళు. నోట్లో పోసుకుంటే సముద్రం మా ఊరికి బాకీ ఉందేమో అనిపిస్తుంది. రెండోది మంచినీళ్ళు, ఆటోలో క్యాన్లలో పక్కూరి నుంచి వస్తాయి. బోరు నీళ్ళతో స్నానం చేస్తాం, గుడ్డలు ఉతుకుతాం, గొర్రెలకు పెడతాం. మంచినీళ్ళు తాగుతాం. అంతే. ఒక మనిషికి లోటా నిండా మంచినీళ్ళు అడగకుండానే ఇస్తే, ఆ మనిషి మీద ఆ ఇంటికి ప్రేమ ఉన్నట్టు.

పద్మజ టీచరుకు మా అవ్వ రోజూ సీసా నిండా ఇచ్చేది.

ఆమె ఆ ఏడాది మా హైస్కూలుకు సైన్సు చెప్పడానికి వచ్చింది. రోజూ ధర్మవరం నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేది. వాళ్ళ నాయన పట్టు నూలుకు రంగులు వేసే మనిషి. నీళ్ళలో ఉప్పుంటే రంగు సరిగా పట్టదని, వాళ్ళింట్లో కొత్త నీళ్ళు ఏవి వచ్చినా ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటారట. ఆ అలవాటు ఈమెకూ వచ్చింది. మధ్యాహ్నం మా ఇంటికి వచ్చి సీసా నింపుకుని, ఒక గుక్క నోట్లో పట్టి, కళ్ళు కొంచెం చిన్నవి చేసి, తర్వాత మింగేది. "ఈ పొద్దు క్యాను వేరే ప్లాంటుది అవ్వా" అనేది. ఆటో అతన్ని అడిగితే నిజమే అయ్యేది. నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివిన నేను గాజు గొట్టంతో, మీటరుతో కనిపెట్టగలిగేదాన్ని ఆ పిల్ల నాలుకతో చెప్పేస్తుంటే నాకు ఎలా ఉండేదో వేరే చెప్పాలా. జాబితాలో గడి గీయడానికి వీల్లేని విషయం నా జీవితంలో అదే మొదటిది.

ఇక్కడ మా ప్రాంతం కానివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా సీమలో అందరూ అందరినీ 'అన్నా' అంటారు. కండక్టరునూ, కూరగాయల అతన్నీ, దారి అడగడానికి ఆపిన ముసలాయన్నీ. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ పెళ్ళికాని కుర్రవాడికి, తాను మనసు పడ్డ పిల్ల నోట ఆ మాట వినపడటమంటే కోర్టు తీర్పు. పై కోర్టు లేదు.

ఆమె మా ఇంటికి జూన్ నుంచి నీళ్ళకు వచ్చింది నూట పన్నెండు సార్లు. నన్ను 'అన్నా' అన్నది సున్నా సార్లు. నా నోటుబుక్కు చివరి పేజీలో ఈ లెక్క ఉండేది. పిలవాల్సి వస్తే "ఇంజినీరు గారూ" అనేది, పెదవి చివర నవ్వు దాచుకుని. ఉద్యోగం లేని ఇంజినీరును అలా పిలవడంలో ఎకసెక్కం ఉందని నాకు తెలుసు. అయినా సున్నా సున్నాయే. ఆ సున్నా మీద నేనొక ఇల్లు కట్టి, గృహప్రవేశం దాకా పోయాను.

అవ్వకు అన్నీ తెలుసు. "ఆ పిల్లకు నీళ్ళు నేనిస్తాండా, మాటలన్నా నువ్వియ్యప్పా" అనేది. నేను ఇచ్చే మాటలేమో బోరు లోతు, నీటి కాఠిన్యం, వడపోత పొర రంధ్రం కొలత. పాపం ఆమె అన్నీ వినేది.

ఫిబ్రవరిలో రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఒకటి, పద్మజకు చిలమత్తూరు దగ్గర ఒక రెసిడెన్షియల్ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. సైన్సు దినోత్సవమే ఆమెకు మా ఊర్లో చివరి రోజు. రెండు, ఆ రోజు పిల్లలకు వ్యోమగాములు అంతరిక్షంలో ఎలా ఊపిరి పీలుస్తారో చెప్పి, ప్రయోగం చేసి చూపించమని హెడ్‌మాస్టరు నన్ను పిలిచాడు. నా పేరు ఎవరు చెప్పారని అడిగితే, "పద్మజ టీచరే చెప్పింది, ఊర్లో ఇంజినీరు ఖాళీగా ఉండాడని" అన్నాడు. 'ఖాళీగా' అన్న మాట నాకు వినిపించలేదు. ఆమె చెప్పిందన్న ముక్క మాత్రం చెవిలో మూడు రోజులు మోగింది.

నేను మొదట ఆ పాఠాన్ని అవ్వ మీద ప్రయోగించాను. పైన గాలి ఉండదనీ, కింది నుంచి సిలిండర్లలో కొంత తీసుకుపోయినా చాలదనీ, అందుకని అక్కడ నీళ్ళలోకి కరెంటు పంపి వాటిని రెండుగా విడగొడతారనీ, అందులో ఆక్సిజన్ పీల్చుకుంటారనీ చెప్పాను.

అవ్వ చేటలో శనక్కాయలు ఒలుస్తోంది. చేయి ఆగింది. "నీళ్ళు పగలగొట్టి గాలి తీస్తారా?"

"అవునవ్వా."

"మంచినీళ్ళా, బోరు నీళ్ళా?"

"శుద్ధమైన మంచినీళ్ళే కావల్ల."

అవ్వ వాకిట్లోకి చూసింది. కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. తీగ మీద ఆరేసిన నాయన పంచె ఊరు విడిచిపోవడానికి పెనుగులాడుతోంది. "ఈడ గాలి ఊరికే వస్తాంది, వద్దన్నా వస్తాంది. నీళ్ళే లేవు. ఆడ చూస్తే గాలి కోసరం మంచినీళ్ళు పగలగొడ్తాండారు. ఎవురప్పా వాళ్ళు, మన పక్క మనుషులు మాత్రం కాదు."

వాళ్ళు చుక్క కూడా వృథా చేయరని సమర్థించాను. చెమట, ఊపిరిలోని తడి, చివరికి మూత్రం కూడా పట్టి శుద్ధి చేసి మళ్ళీ వాడుకుంటారని చెప్పాను. అవ్వ కొంచెం మెత్తబడి, "అట్లయితే పొదుపైనోళ్ళే" అంది. మనం విడిచిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పట్టి, విడగొట్టినప్పుడు మిగిలిన హైడ్రోజన్‌తో కలిపితే తిరిగి కొన్ని నీళ్ళు వస్తాయని చెప్పేసరికి చేట పక్కన పెట్టేసింది.

"గాల్లోంచి నీళ్ళు వస్తాయా? మరి అది చెప్పకుండా పగలగొట్టేది చెప్తావేమి? పిల్లోళ్ళకు మంచి బుద్ధి చెప్పల్ల గానీ."

అప్పుడే పద్మజ సీసాతో వచ్చింది. నేను ఉత్సాహంగా ఫ్యాన్ల సంగతి ఎత్తుకున్నాను. భూమ్మీద వేడిగా ఉన్న ఊపిరి తనంతట తాను పైకి పోతుంది. అక్కడ బరువు తెలియదు కాబట్టి అది ఎటూ పోదు. ఫ్యాను ఆగితే, నిద్రపోతున్న మనిషి విడిచిన ఊపిరి అతని ముఖం చుట్టూనే నిలిచిపోయి, దాన్నే మళ్ళీ పీల్చి ఉక్కిరిబిక్కిరవుతాడు. గాలి ఎంత ఉన్నా లాభం లేదు, కదలాలి.

ఆమె సీసా మూత బిగిస్తూ, "అంటే, విడిచినా పోదన్నమాట" అంది మెల్లగా.

ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో ఇప్పుడు నాకు నలభై రకాలుగా తెలుసు. అప్పుడు మాత్రం గాలి సెకనుకు ఎన్ని సెంటీమీటర్ల వేగంతో కదలాలో చెప్పాను.

ఆ రోజు కోసం ఇరవై మూడు అంశాల జాబితా రాశాను. అన్నీ చెప్పి మిమ్మల్ని విసిగించను. 4: మందు కొట్టే స్ప్రేయరు బ్యాటరీ ఛార్జింగ్. 6: నీళ్ళలోకి కరెంటు దించడానికి పెన్సిళ్ళు, రెండు వైపులా చెక్కినవి. నిజానికి రెండు పెన్సిళ్ళు చాలు. ఆమె ముందు రెండు మరీ బీదగా ఉంటాయనిపించి ఎనిమిది పెట్టాను. 14: గది కిటికీలు మూయుట, లేకుంటే మా ఊరి గాలికి అగరుబత్తి ఆరిపోతుంది. 17: మంచినీళ్ళు రెండు లీటర్లు, తినే సోడా కలిపి, పాలక్యానులో. శుద్ధమైన నీళ్ళలో కరెంటు సరిగా పారదు, అందుకని సోడా. ఉప్పు మాత్రం వేయరాదు. ఉప్పు వేస్తే ఆక్సిజన్ బదులు క్లోరిన్ వస్తుంది. దీన్ని ఎర్ర సిరాతో రాసి రెండుసార్లు గీత గీశాను. 22: ఇస్త్రీ చొక్కా.

23: ఆమెతో చెప్పుట.

ఏం చెప్పాలో రాయలేదు. అదంతా గడిలో పట్టలేదు. మా ఇంటి పెద్దలు ధర్మవరం వచ్చి మీ నాయనతో మాట్లాడవచ్చా అని అడగాలి, అంతే. పది మాటలు కూడా లేవు. ఆమె బస్సెక్కే లోపల అడగాలి. ఎక్కేసిందా, చిలమత్తూరు మా జిల్లాకు ఆ చివర.

ఆ రోజు పొద్దున ఏడుకు నీళ్ళలో సోడా కలిపి, క్యాను మూత పెట్టి, 17కు టిక్కు పెట్టి స్నానానికి పోయాను. టిక్కు పెట్టిన దాని వంక మళ్ళీ చూడకపోవడం నా సిద్ధాంతం. తిరిగి చూసేట్టయితే టిక్కు దేనికి?

పదకొండుకు తొమ్మిదో తరగతి గది. కిటికీలు మూశారు. పిల్లలు వేరుశనక్కాయ బస్తాల్లా ఒకరి మీద ఒకరు. ముందు వరసలో హెడ్‌మాస్టరు, ఆయన పక్కన పద్మజ. చివరి రోజని పట్టుచీర కట్టుకొచ్చింది, వాళ్ళ నాయన స్వయంగా రంగు వేసిన నూలట, పండిన రేగిపండు రంగు. నేను మాట్లాడటం మొదలుపెట్టి, అవ్వ సలహా ప్రకారం గాల్లోంచి నీళ్ళు వచ్చే ముక్క ముందే చెప్పి, చప్పట్లు కొట్టించుకున్నాను. అంతవరకు నేను పైన తేలుతున్నట్టే ఉంది.

క్యానులోని నీళ్ళు గాజు తొట్టిలో పోసి, పెన్సిళ్ళ మీద గొట్టాలు బోర్లించి, బ్యాటరీ తీగ తగిలించాను. బుడగలు ఎగసిపడ్డాయి. ఇంట్లో చేసి చూసినప్పుడు ఇంత జోరు లేదు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. ఒక పక్క గొట్టాల్లో హైడ్రోజన్ గబగబా నిండుతోంది. రెండో పక్క దానిలో సగం నిండాలి. అక్కడ ఏమీ నిలవడం లేదు. నీళ్ళు కొంచెం పచ్చబడుతున్నాయి.

"ఆక్సిజన్‌కు కొంచెం సిగ్గు" అన్నాను. పిల్లలు నవ్వారు. పద్మజ నవ్వలేదు. ఆమె ముక్కు కదిలింది.

కొంత ఆగి, ఆక్సిజన్ ఉన్న చోట నిప్పు భగ్గుమంటుందని చెప్పి, రాజుకున్న అగరుబత్తిని గొట్టంలో పెట్టాను. అది భగ్గుమనలేదు. పాముపుట్టలో తల పెట్టిన కోడిపిల్లలా చప్పుడు లేకుండా పోయింది. రెండోది వెలిగించాను. అదీ అంతే. ఈలోపల వాసన మూడో వరస దాకా పోయింది. ముందు బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడి ఎంతో మర్యాదగా అడిగింది.

"సార్, అంతరిక్షం అంతా మన బాత్‌రూం వాసనే వస్తుందా సార్?"

నేను జవాబు చెప్పబోయి దగ్గాను. ఆ దగ్గు కోసమే కాచుకున్నట్టు గది మొత్తం అందుకుంది. హెడ్‌మాస్టరు కండువా ముక్కుకు పెట్టుకుని, "ఏమప్పా ఓబులేసూ, పిల్లోళ్ళను అంతరిక్షానికి పంపిస్తాండావా, ఆస్పత్రికి పంపిస్తాండావా" అన్నాడు. నేను తీగ పీకాలనే తొందరలో తొట్టినే లాగాను. తొట్టి వంగింది. నీళ్ళు ఎగిరి బల్ల మీద, నా ఇస్త్రీ చొక్కా మీద, రేగిపండు రంగు పట్టుకొంగు మీద పడ్డాయి.

కిటికీలు తెరిచింది పద్మజ. ఒకదాని తర్వాత ఒకటి నాలుగూ. అవ్వ చెప్పిన ఊరికే వచ్చే గాలి ఒక్క ఊపున లోపలికొచ్చి, క్లోరిన్‌నూ, నా కాగితాలనూ, హెడ్‌మాస్టరు కండువానూ కలిపి బయటికి తోసింది. రెండు నిమిషాల్లో గది శుభ్రం. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలకు ఆ పూట సెలవు ఇవ్వాల్సి వచ్చింది కాబట్టి, ఆ స్కూలు చరిత్రలో అంత ఇష్టమైన సైన్సు పాఠం మరొకటి లేదు.

గదిలో ఇద్దరం మిగిలాం. నేను ఎర్ర గీతలున్న జాబితా పట్టుకుని, "ఉప్పు వేయలేదండీ, చూడండి, వేయరాదని రాసుకున్నా" అంటున్నాను. ఆమె పాలక్యాను వంచి, అడుగున మిగిలిన చుక్కల్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు చిన్నవయ్యాయి.

"ఉప్పే. అదీ బోరు నీళ్ళలో కలిపినారు. ఇవి మీ ఇంటి మంచినీళ్ళు కావు. ఇన్నినాళ్ళు తాగినా, నాకు తెలీదా?"

నా చదువూ, నా ఇరవై మూడు గడులూ ఆ వేలి కొన ముందు ఓడిపోయాయి. ఆ ఓటమి నాకు ఎంత బాగా అనిపించిందో చెబితే మీరు నమ్మరు.

అప్పుడు చూశాను ఆమె కొంగు. రేగిపండు రంగులో, శనక్కాయ విత్తనమంత తెల్లటి మచ్చ. "అయ్యో" అన్నాను. "పోనీలేండి" అని ఆమె దాన్ని మడతలోకి తిప్పేసింది. "అవ్వ అన్నానికి రమ్మనింది. పోదాం రండి."

అవ్వ ఆమెను భోజనానికి పిలిచిందన్న సంగతే నాకు తెలియదు. అది నా జాబితాలో లేదు.

రాగిముద్ద, పప్పు, శనక్కాయలు నూరిన ఊరిబిండి. పద్మజ పప్పు నోట్లో పెట్టుకుని ఆగింది. "ఎంత మెత్తగా ఉండాది అవ్వా, వెన్న మాదిరి" అంది. ఇంకో ముద్ద తిని, కళ్ళు చిన్నవి చేసింది.

"అవ్వా, ఈ పప్పు ఏ నీళ్ళతో చేసినావు?"

"పాలక్యాన్లో ఉండె కదమ్మా, మంచినీళ్ళు, సోడా గూడా కలిపి" అంది అవ్వ, ఏ తప్పూ లేని ముఖంతో. "ఈ ఊరికి కోడలై వచ్చినప్పటి నుంచి చూస్తాండా, బోరు నీళ్ళతో కందిబేడలు ఒక్కనాడు ఉడికి చావలేదు. టీచరమ్మ కడసారి తినేది, రాళ్ళు పెడితే బాగుంటుందా?"

"అవ్వా, అవి ప్రయోగం నీళ్ళు" అన్నాను.

"దానికి నీళ్ళు లేకుండా చేసినానా? క్యాన్ నిండా బోరు నీళ్ళు పోసే పెడితిని. పగలగొట్టే నీళ్ళకు మంచియేమి, చెడ్డయేమి?"

"ఉప్పు ఎందుకేసినావు?"

"సోడా పొట్లం నువ్వే ఖాళీ చేసింటివి. అదీ తెల్లగానే ఉండె, ఇదీ తెల్లగానే ఉండె. తక్కువైతే నీకు పని జరగదేమోనని రెండు గుప్పిళ్ళు ఏసినా."

పద్మజ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు పెట్టుకుని, కొంగుతో తుడుచుకోబోయి, మచ్చ ఉన్న చోటు చూసి మళ్ళీ నవ్వింది. అవ్వ కూడా నవ్వింది. నేను తల వంచుకుని, గదినిండా పిల్లలను దగ్గించిన నా ఆక్సిజన్‌ను పప్పుగా తిన్నాను. అంత రుచైన పప్పు ఆ ముందు తినలేదు, తర్వాతా తినలేదు.

ఇక రెండో ఘోరం.

బస్టాపు దాకా నేను ఆమె సంచీ మోశాను. మా ఊరి బస్టాపు అంటే ఒక రేకుల కొట్టమూ, దాని వెనక శనగ పంట కోసేసిన ఖాళీ చేనూ. దూరంగా మలుపు దగ్గర బస్సు దుమ్ము లేస్తే, అది ఇక్కడికి రావడానికి ఏడు నిమిషాలు. దుమ్ము లేచింది. గాలి ఒక్కసారిగా పడిపోయింది. మా ఊర్లో గాలి పడిపోవడం ఏడాదికి రెండు మూడుసార్లు జరుగుతుంది. ఆ రోజు జరిగింది.

ఆమె రోడ్డు వైపు చూస్తూ, "ఇంకేమన్నా చెప్పల్లా, ఇంజినీరు గారూ?" అంది.

ఈసారి పెదవి చివర నవ్వు లేదు.

"ఉంది" అన్నాను.

ఆమె నావైపు తిరిగింది. పది మాటలు కూడా లేవని చెప్పాను కదా. అవి గొంతు దాకా వచ్చాయి. అక్కడే నిలబడ్డాయి. వాటిని కదిలించే ఫ్యాను లేదు. ఆ పొద్దు చేసిన దానికి సిగ్గు ఒక పక్క, ఆమె నన్ను తెలివితక్కువవాడు అనుకుంటుందేమోనన్న భయం ఇంకో పక్క. నోరు తెరిచాను.

"మీరు పీల్చిన క్లోరిన్ గురించి భయపడొద్దు. చాలా కొంచెం."

"భయం లేదు" అంది. "అంతేనా?"

"అంతే కాదు. అంతరిక్షంలో ఇట్లాంటిది జరగదు. ఆ యంత్రంలోకి పోయేముందు నీళ్ళలో ఉప్పు ఉందా లేదా అని కొలిచే పరికరం ఉంటుంది."

"మంచిది." దుమ్ము సగం దూరం వచ్చింది. ఆమె ఇంకా నావైపే చూస్తోంది. "ఇంకా?"

దేవుడు మనిషికి ఒక అవకాశం ఇస్తాడు. నాకు లెక్కపెట్టి మూడిచ్చాడు. మూడోదాన్ని నేను ఇలా వాడుకున్నాను. "ఆ యంత్రం చెడిపోతే, మండిస్తే ఆక్సిజన్ ఇచ్చే కొవ్వొత్తుల్లాంటివి ఉంటాయి. వాటిలోంచి కూడా కొంచెం క్లోరిన్ వచ్చే వీలుంది. అందుకని దాన్ని పట్టే మందు ముందే కలిపి చేస్తారు."

బస్సు వచ్చి ఆగింది. ఆమె నా చేతిలోంచి సంచీ తీసుకుంది. మెట్టెక్కి, తలుపు కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగి, ఎంతో మెత్తగా అంది.

"నీళ్ళు రుచి చూసుకుంటా ఉండండి. పోయొస్తా, అన్నా."

నూట పన్నెండు సార్ల సున్నా, ఒకటి అయింది.

ఆ మాట నాతో అనలేదేమో, వెనక నిలబడ్డ కండక్టరుతో అన్నదేమో అని నేను నాతో మూడు నెలలు వాదించాను. ఆ వాదన నిలవలేదు. ఎక్కుతున్నది కండక్టరు బస్సే అయినప్పుడు, అతనికి పోయొస్తానని ఎవరు చెబుతారు?

ఇంటికొస్తే అవ్వ గడపలో కూర్చుని ఉంది. ముఖం చూసి అంతా గ్రహించింది. "ఏం చెప్తివి?" అంది. చెప్పాను. లేచి లోటా నిండా మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తర్వాత మెల్లగా, "నేను నీళ్ళే చెడగొట్టినాప్పా" అంది, "మిగిలింది నువ్వు చూసుకున్నావు."

ఇప్పుడు నేను బెంగళూరులో ఆస్పత్రులకు ఆక్సిజన్ యంత్రాలు బిగించే పనిలో ఉన్నాను. పని బాగా చేస్తానంటారు. నా తనిఖీ జాబితాలో నూట నలభై గడులు. ఏ ఊరికి పోయినా ముందు నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాను. మా యంత్రానికి నీళ్ళతో పనే లేదు. అది గాలి నుంచే ఆక్సిజన్ తీస్తుంది. అయినా రుచి చూస్తాను. తోటివాళ్ళు దాన్ని ఏదో పూజ అనుకుంటారు. ఒక విధంగా నిజమే. ఎక్కడో ఒక బీరువాలో, రేగిపండు రంగు చీర మడతల మధ్య, శనక్కాయ విత్తనమంత తెల్లటి మచ్చ ఉంటుంది. ఈ లోకంలో ఆమె దగ్గర నేను ఉన్నది అంతే. చీర ఎవరికైనా ఇచ్చేసిందేమో. విప్పినప్పుడు నవ్వుకుంటుందేమో. విడిచినా పోదన్నమాట అని ఆమె అన్నది దేని గురించో నాకు ఈమధ్యే అర్థమవుతోంది.

ఇది చదివి నవ్విన మీ అందరి సాక్షిగా, తూర్పు తిరిగి, చేతిలో మంచినీళ్ళు పట్టుకుని (పట్టుకున్నవి తర్వాత తాగేస్తాను, పారబోస్తే అవ్వ ఊరుకోదు) ప్రమాణం చేస్తున్నాను. రుచి చూడకుండా ఏ నీళ్ళనూ ఇకమీదట పగలగొట్టను. పప్పు వండే రోజున తాళం లేని క్యానును మా అవ్వ కంటపడనివ్వను. ఒక మనిషి బస్టాపులో నావైపు తిరిగి, ఇంకేమన్నా చెప్పల్లా అని అడిగితే, ప్రాణం పోయినా క్లోరిన్ పేరెత్తను.

ఊరికి పోయి వచ్చే ప్రతిసారీ బెంగళూరు బస్సు, చిలమత్తూరుకు దారి చీలే చోట, టీ కోసం ఆగుతుంది. దిగి అక్కడి కుండలో నీళ్ళు రుచి చూస్తాను. మంచినీళ్ళే. రోడ్డు వంక చూస్తూ నిలబడతాను. బస్సు ఆగేది పది నిమిషాలు. నాకు ఏడు చాలు.